మొదటి ఫొటో ఊరిది

మా ఫొటో మామ పోయాడు. నిజామాబాద్‌లో మా షాపు షట్టర్ ఇంకా సగమే ఎత్తాను, బోధన్ నుంచి స్టూడియో అత్త ఫోన్ చేసింది.

"బిడ్డా, చాయ్ పెట్టి లేపిన. మీ మామ లేవలేదు."

సగం ఎత్తిన షట్టర్ మళ్లీ దించేశాను. ఆమే మళ్లీ అంది.

"వచ్చేటప్పుడు ఒక మంచి ఫొటో పట్టుకొని రా. ఊరందరియి తీసిండు గని, ఇంట్ల ఆయనది ఒక్కటి సక్కంగ లేదు. గోడకు ఏం పెట్టాలె?"

మామ అంటే నేను కట్టుకున్నవాడి తండ్రి కాదు, మేనమామా కాదు. బోధన్‌లో మా అత్తగారింటి పక్కిల్లు ఆయనది. ముందు గదిలో స్టూడియో, వెనక గదుల్లో సంసారం. మా మామగారిని అన్నా అని పిలిచేవాడు కాబట్టి నాకూ మామ అయ్యాడు. ఊళ్లో సగం మందికి ఏదో ఒక వరసన మామే. చిన్నా పెద్దా అందరికీ ఫొటో మామ.

ఆయన గొప్ప కళాకారుడని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆయన తీసిన పెళ్లి ఫొటోల్లో పొడుగువాళ్ల నెత్తులు తెగిపోయేవి. ఆ సంగతి ఆయనకూ తెలుసు, "పొడుగు పెరగమని నేను జెప్పిన్నా" అనేవాడు. నేను రాస్తున్నది వేరే సంగతి కోసం. తన చివరి పెద్ద పనిలో మామ ఒకటి తీయడం మర్చిపోయాడని బోధన్‌లో ఈనాటికీ అనుకుంటారు. ఆయన మర్చిపోలేదు. ఆయన తీసినదాన్ని నేను చెరిపేశాను. నిండు ఆఫీసులో ఆయన నా తప్పును తన నెత్తిన వేసుకుంటుంటే పక్కన నిలబడి విన్నాను. ఆయన బతికుండగా ఒక్కరికీ చెప్పలేదు.

ఎనభైల నడుమ నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. షుగర్ ఫ్యాక్టరీ సైరన్‌కు నిద్ర లేవడం, చాట ఒళ్లో పెట్టుకుని అరుగు మీద బీడీలు చేయడం, ఇదే నా దినచర్య. మామ స్టూడియో మెట్ల మీద కూర్చుని నెగెటివ్‌లు వెలుతురుకు పట్టి చూసుకుంటూ ఉండేవాడు. ముఖాన ఎప్పుడూ పౌడరు, జుట్టుకు ఎప్పుడూ రంగు. ఫొటోలు తీసేవాడు మంచిగా లేకపోతే తీయించుకునేవాళ్లకు నమ్మకం ఎట్లా కలుగుతుందని ఆయన వాదన. ఒకరోజు నేను బీడీ ఆకు కత్తిరించడం చూసి మా అత్తగారిని పిలిచాడు.

"వదినా, నీ కోడలు చెయ్యి వణుకుతలేదు సూడు. నాకు పొద్దుమీకి కండ్లు కనవడ్తలేవు. నెగెటివ్ మీద పెన్సిల్ పెట్టుడు నేర్పిస్త, పంపు."

మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు. స్టూడియో అత్త కూడా అక్కడే ఉంటుందని, తలుపు తెరిచే ఉంటుందని, బీడీల పని ఆగదని మాట తీసుకున్నాకే పంపింది. అట్లా నేను మశూచి మచ్చలు మాయం చేయడం నేర్చుకున్నాను. పెళ్లిచూపులకు పంపే ఫొటోల్లో ఎంతమంది బుగ్గలు నున్నగా చేశానో! చీకటి గదిలో ఎర్ర బల్బు కింద మందు నీళ్లలో కాగితం మీద మనిషి ముఖం మెల్లగా తేలడం మొదటిసారి చూసిన రోజు అన్నం తినలేకపోయాను. స్టూడియో అత్త ఆ తడి ఫొటోలను తన చీరల పక్కనే దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేసేది.

మామకు ఒక అలవాటు ఉండేది. ఏ ఊరికి పోయినా, పెళ్లికైనా, చావుకైనా, బడి పిల్లల గ్రూపు ఫొటోకైనా, రీలులో మొదటి ఫొటో ఊరిది. ఊరి పేరున్న బోర్డో, కిలోమీటరు రాయో, పేరు రాసిన బడి గోడో. అది తీశాకే అసలు పని. దాన్ని ఊరి ఫొటో అనేవాడు.

ఆ అలవాటు ఎందుకొచ్చిందో ఆయనే చెప్పి నవ్వించేవాడు. ఒక ముహూర్తానికి రెండు ఊళ్లలో పెళ్లిళ్లు ఒప్పుకున్నాడు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. రెండు చోట్లా పెళ్లికూతురు ముఖం కనిపించకుండా పూలు, బాసింగం. రీళ్లు తారుమారై, ఈ ఊరి ఆల్బం ఆ ఊరికి పోయింది. వాళ్లు చుట్టాలందరినీ కూర్చోబెట్టుకుని ఆల్బం తెరిచారట. పెళ్లికొడుకు తల్లి నాలుగు పేజీలు తిప్పి, "ఈ పిలగాడెవడే, నా కొడుకు యాడ బోయిండు?" అని శోకం పెట్టిందట.

"గా అవ్వ ఏడ్సుడు ఇప్పటికీ ఇనవడ్తది నాకు," అనేవాడు మామ. "ఫొటోల మనిషి ఉంటె సాలదు బిడ్డా. యాడ నిలబడ్డడో గది గూడ ఉండాలె."

బోర్డు ఒక్కదాన్నే తీయడం మాత్రం ఆయనకు నచ్చేది కాదు. పక్కన ఎవరో ఒకరిని నిలబెట్టేవాడు. మేకలు కాసే ముసలాయన, తునికాకు కట్ట నెత్తిన పెట్టుకున్న ఆడమనిషి, బస్సు కోసం నిలబడ్డ ఎవరైనా సరే. బోర్డు ఒక్కటే ఉంటే దిక్కులేని దానిలాగా ఉంటుందట. ఆ మనుషులు డబ్బులిచ్చి ఫొటో దిగే రకం కాదు. తర్వాత ఎప్పుడైనా ఆ ఊరికి పోతే వాళ్లను వెతికి ఒక కాపీ చేతిలో పెట్టి వచ్చేవాడు.

ఒకసారి నేను ఆటపట్టించాను. స్టూడియోలో వెనక పరదా మీద తాజ్‌మహల్ ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల కొత్త జంటలన్నీ దాని ముందే నిలబడేవి.

"మామా, యాడ నిలబడ్డరో ఉండాలంటవ్. మరి గీళ్లంతా ఆగ్రాకు పోయొచ్చిన్రా?"

మామ కాస్తయినా తడబడలేదు.

"గది అబద్ధమని తీసెటోనికి ఎర్క, దిగెటోనికి ఎర్క, సూసెటోనికి ఎర్క. అందరికి ఎర్కున్న అబద్ధం అబద్ధం గాదు బిడ్డా, అది ముచ్చట. ఎవ్వలకు ఎర్కలేకుంట లోపట దాగుంటది సూడు, గదీ అబద్ధమంటే."

అప్పుడు నవ్వి ఊరుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటాక మేము నిజామాబాద్‌కు మారి డిజిటల్ ల్యాబ్ పెట్టుకున్నాం. రీళ్లు పోయాయి, ఎర్ర బల్బు పోయింది. ముసలి ఫొటోగ్రాఫర్లు చాలామంది డిజిటల్ అంటే మొహం చిట్లించేవారు. మామ అట్లా కాదు. తన పాత కెమెరా అమ్మేసి డిజిటల్ కొన్న మొదటి బోధన్ మనిషి ఆయనేనేమో. తీసిన వెంటనే వెనక అద్దంలో కనిపించడం చూసి పెళ్లింట్లో వంటవాళ్లందరికీ చూపించి వచ్చాడు. కార్డు నిండగానే బస్సెక్కి మా షాపుకు వచ్చేవాడు. నేను కార్డు కంప్యూటర్‌కు పెట్టి, బాగా రానివి ఏరి తీసేసి, మిగతావి సీడీ కొట్టి ఇచ్చేదాన్ని.

బాగా రానివాటితో పాటు ఊరి ఫొటోలూ తీసేసేదాన్ని. పెళ్లి ఆల్బంలో కిలోమీటరు రాయి ఎవరికి కావాలి? ఫైలు పేరు పెడితే చాలదా? తీసేస్తున్నానని మామకు చెప్పలేదు. ఆయన అడగలేదు. తన అలవాటు తాను చేసుకుంటూ పోయాడు, నా శుభ్రం నేను చేసుకుంటూ పోయాను.

రెండేళ్ల కింద వానాకాలంలో నిజాంసాగర్ గేట్లు ఎత్తారు. మంజీర ఒడ్డున ఒక ఊళ్లో చెరుకంతా నేలకొరిగి, దాని మీద బురద పేరుకుంది. ఆ ఊరి రైతులు నష్టపరిహారానికి అర్జీ పెట్టుకోవాలి. నిజామాబాద్‌లో పరిహారం చూసే ఆఫీసుకు కొత్తగా వచ్చిన ఆఫీసరు ఒక షరతు పెట్టాడు. ఎక్కడివో ఫొటోలు తెచ్చి మా పొలమే అంటున్నారు కాబట్టి, ఏ చోట తీశారో ఫొటోలోనే నమోదై ఉండాలి అన్నాడు. అడగడంలో తప్పేమీ లేదు.

రైతులు మామ దగ్గరికి పోయారు. వాళ్లలో పెద్దాయన్ని అందరూ పటేలు అంటారు. ఆయన పెళ్లి, కొడుకు పెళ్లి, రెండూ మామే తీశాడు. మామ మర్నాడే నా షాపులో దిగాడు.

"బిడ్డా, ఫొటోలనే ఊరు రాసుకునే మిషిన్ ఉందంటగదా, నీ తాన ఉందా?"

ఉంది. హైదరాబాద్ నుంచి తెప్పించుకుని నెల కూడా కాలేదు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, కెమెరా నెత్తిన ఫ్లాష్ పెట్టే చోట కూర్చుంటుంది, పక్కనుంచి సన్న తీగ. మామకు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చూపించాను. డిజిటల్ ఫొటో అంటే కంటికి కనిపించే బొమ్మ ఒక్కటే కాదు. ఆ ఫైలులోనే, బొమ్మకు ముందు, కొన్ని వివరాలు రాసి ఉంటాయి. ఏ కెమెరా, ఏ తేదీ, ఏ గంట, ఎంత వెలుతురు. ఈ పెట్టె తగిలిస్తే వాటి పక్కన తీసిన చోటు కూడా చేరుతుంది. ఊరి పేరు ఉండదు. ఎంత ఉత్తరాన, ఎంత తూర్పున అని డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు అంకెల్లో ఉంటాయి. ప్రింటు వేస్తే కాగితం మీద ఏమీ కనిపించదు. కంప్యూటర్‌లో ఫొటో మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరిస్తేనే బయటపడుతుంది.

మామ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అంటే మనం రాయి దగ్గర తీస్తుంటిమి, గదే పని ఇది లోపట్నే చేసుకుంటుందన్న మాట! పెట్టు, పెట్టు, ఒకటి తియ్యి."

షాపు గడప బయట నిలబెట్టి ఆయన కెమెరాతోనే ఒకటి తీశాను. పెట్టె మీద లైటు ఎర్రగా కొట్టుకుని కొట్టుకుని, చోటు దొరికి పచ్చబడ్డాకే నొక్కాను. ఆ రోజు వాన పడుతోంది. మామ చేతిలో నల్లగొడుగు మూసి పట్టుకుని, నవ్వకూడదని తానే అందరికీ చెప్పే మనిషి, పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. ఆ ఫొటో కంప్యూటర్‌లో తెరిచి అంకెలు చూపించాను. మా షాపు గడప. తూర్పు డెబ్బై ఎనిమిది డిగ్రీలతో మొదలవుతుంది. బోధన్ వైపు పోతే డెబ్బై ఏడు అవుతుందని చెప్పాను. ఉత్తరం అంకె ఇంచుమించు అక్కడా ఇక్కడా ఒకటే.

"ఇగ మీరు ఊరి ఫొటో తీసే పని లేదు మామా," అన్నాను.

"తీస్త. లోపట రాసింది రైతుకు కనవడ్తదా?"

"మళ్లీ చోటు ఎతకాలంటే మస్తుసేపు పడుతది. బంద్ చెయ్యకుండ సంచిల పెట్టుకొని పో," అని చెప్పి పంపాను. ఆ పెట్టెతో పాటు వచ్చిన చిన్న పుస్తకం నేను తెరవలేదు. చోటు దొరకకపోతే ఆ పెట్టె ఊరుకోదు, చివరగా దొరికిన చోటునే పట్టుకుని ప్రతి ఫొటోలో అదే రాస్తూ పోతుందని అందులో రెండో పేజీలోనే ఉంది. తర్వాత చదివాను.

మధ్యాహ్నం మామ ఆ ఊరి నుంచి ఫోన్ చేశాడు. వాన చప్పుడుకు ఆయన మాట సరిగా వినిపించడం లేదు.

"బిడ్డా, ఎర్ర లైటు కొట్టుకుంటనే ఉంది. పచ్చగైతలేదు. ఏం జెయ్యాలె?"

నా ముందు ముగ్గురు పాస్‌పోర్ట్ సైజు ఫొటోల కోసం నిలబడి ఉన్నారు.

"ఏం కాదు మామా, ఉండనియ్. గదే రాసుకుంటది," అన్నాను.

మర్నాడు కార్డు తెచ్చి ఇచ్చాడు. తుమ్ముతున్నాడు, లుంగీ ఇంకా తడిగానే ఉంది. ఆఫీసువాళ్లు పొలాల సర్వే నంబర్ల వరసలో ఫొటోలు కావాలన్నారు. కార్డు తెరిచాను. నేను తీసిన మామ ఫొటో నా కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాను. దాని తర్వాత నీళ్లలో మునిగిన ఒక బోర్డు. దానికేదో నల్లగా వేలాడుతోంది. సరిగా చూడనైనా లేదు. సర్వే నంబరు లేదు, చోటు ఎట్లాగూ లోపల రాసి ఉంటుంది కదా అని కార్డులోనే నొక్కి తీసేశాను. మిగతావి సీడీ కొట్టాను. లోపల ఏం రాసి ఉందో మాత్రం ఒక్కదానికీ తెరిచి చూడలేదు.

వారం తిరక్కముందే ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. పటేలు, ఇంకో ఇద్దరు రైతులు, మామ, సీడీ కొట్టినదాన్ని కాబట్టి నేను. ఆఫీసరు చిన్నవాడు. కోపంగా లేడు. కంప్యూటర్ తెర మావైపు తిప్పాడు.

"ఇవన్నీ నిజామాబాద్ టౌన్‌లో తీసినట్టున్నాయి. ప్రతి దాంట్లో డెబ్బై ఎనిమిదే ఉంది. మీ ఊరు మంజీర ఒడ్డున కదా?"

రైతులకు అంకెలు అర్థం కాలేదు కానీ మాట అర్థమైంది. పటేలు కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సార్, మా చెరుకే సార్. నా సొంత పొలం నేను గుర్తువట్టనా?"

"మీరు గుర్తుపడతారు. నేనెట్లా గుర్తుపట్టాలి?"

అప్పుడు మామ ముందుకు వచ్చాడు. ఆ మొహంలో ఎంత ధీమా ఉందో నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

"సార్, మొదటి ఫొటో తెరువుండ్రి. ఊరి బోర్డు ఉంటది. ఇరవై ఐదేండ్లసంది నేను ఏ ఊరికి పోయినా మొదలు గదే తీస్త. ఎవ్వల్నన్న అడుగుండ్రి."

ఆఫీసరు మొదటిది తెరిచాడు. చెరుకు. రెండోది తెరిచాడు. చెరుకు, బురద. వెనక్కి పోయి చూశాడు, ఇంకేమీ లేదు.

మామ తల తిప్పి నావైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. నెగెటివ్‌ను వెలుతురుకు పట్టి, ఎక్కడ పాడైందో చూసుకునే చూపు అది. అంతే, ఆయనకు అర్థమైపోయింది. నేను నోరు తెరవాలి. ఆ వారంలోనే ఆ ఆఫీసు ఫొటో పనులన్నీ మా షాపుకు ఇస్తామని మాట అయింది. అదొక్కటే కారణం అని చెప్పుకుంటే నాకే కొంత ఊరటగా ఉంటుంది కానీ, అది కూడా పూర్తి నిజం కాదు. సిగ్గేసింది. తెర మీది చెరుకునే చూస్తూ నిలబడ్డాను.

మామ మళ్లీ ఆఫీసరు వైపు తిరిగాడు.

"మర్చిపోయిన సార్. వాన గదా. ముసలోణ్ని అయిన."

రైతుల్లో ఒకతను "ఏంది మామా గిట్ల జేస్తివి!" అన్నాడు. మామ తల దించుకుని తన తడి చెప్పుల వైపు చూసుకున్నాడు. ఇరవై ఐదేళ్లు ఒక్క ఊరు మర్చిపోని మనిషి.

బస్టాండ్ దాకా వాళ్లతో నడిచాను. మామ మక్కకంకులు కాల్చే ఆమె దగ్గర ఆగి నాకొకటి కొనిపెట్టాడు. ఉప్పు కారం బాగా రాయమని చెప్పి మరీ. బస్సు కదిలే ముందు కిటికీలోంచి వంగి మెల్లగా అడిగాడు.

"కార్డులకెల్లి తీసేసినయి మల్ల తేవొస్తదా బిడ్డా?"

"వస్తది మామా," అన్నాను. "కార్డు మీద కొత్తయి తియ్యకపోతే వస్తది."

"తియ్యలేదు. సంచిలనే ఉంది, ఇగో. నా ముచ్చట ఇడువు. ఆళ్ల చెరుకు ముచ్చట సూడు."

మర్నాడు పొద్దున్నే పోయినవాటిని తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్ పెట్టి కార్డంతా వెతికాను. బోర్డు ఫొటో వచ్చింది. ఊరి పేరు కింది అంచు దాకా నీళ్లు, పేరు మాత్రం చదవొచ్చు. ఊరు ఊరంతా గుట్ట మీదికి ఎక్కి ఉంటుంది, పక్కన నిలబెట్టడానికి మనిషి దొరకలేదు. మామ తన గొడుగు మూసి, దాని వంకీ బోర్డుకు తగిలించి, తాను వానలో తడుస్తూ ఫొటో తీశాడు. నల్లగా వేలాడుతోందని నేను తీసేసింది అది.

ఆ ఫొటో, మా షాపు ముందు తీసిన మామ ఫొటో, రెండూ పట్టుకుని ఆఫీసరు దగ్గరికి పోయాను. అన్నింటిలోనూ అంకెలు సెకన్లతో సహా ఒకటే ఉన్నాయి, ఒక మనిషి కదలకుండా అన్ని పొలాల ఫొటోలు తీయలేడు, పెట్టె మా గడప దగ్గరే ఆగిపోయింది సార్ అని చూపించాను. ఆయన ఒప్పుకున్నాడు. తానే జీపెక్కి ఆ ఊరికి పోయి చూసి వచ్చాడు. రైతులకు రావలసింది వచ్చింది.

ఆ రోజు నేను బయటికి వచ్చేటప్పుడు ఆఫీసరు ఒక్క మాట అడిగాడు. "మరి ఈ బోర్డు ఫొటో సీడీలో ఎందుకు లేదమ్మా?"

"కాపీ కొట్టేటప్పుడు రాలేదు సార్," అన్నాను. అదేదో తనంతట తాను అలిగి రానట్టు.

చెరుకు సంగతి అట్లా తీరింది. మామ సంగతి తీరలేదు. ఇంట్లో కూర్చుని ఫొటోలు తీసి పొలంలో తీశానన్నాడట అని బోధన్‌లో ఎవరో ఒక మాట వదిలారు. పెట్టె తప్పు అని తేలాక ఆ మాట కొంచెం మెత్తబడి, ముసలితనం వల్ల మర్చిపోయాడట అని మారింది. "మామా, మా పిల్ల పెండ్లికి వస్తవా, ఇంట్లకెల్లే తీస్తవా?" అని చాయ్ హోటల్ దగ్గర నవ్వేవారు. మామ కూడా నవ్వేవాడు. తర్వాత పెళ్లిళ్లు ఒప్పుకోవడం మానేశాడు. జుట్టుకు రంగు వేయడం కూడా మానేశాడని స్టూడియో అత్త చెప్పింది.

బోర్డు ఫొటో పెద్దగా ప్రింటు వేసి తీసుకుపోయి ఇచ్చాను. చెప్పేద్దామనే పోయాను. మామ దాన్ని చేయిచాచి దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"గొడుగు మంచిగ వచ్చింది," అన్నాడు.

"మామా, గా దినం నేను..."

"చాయ్ తాగు బిడ్డా, సల్లారుతది."

తాగాను. ఆ వంకతో మళ్లీ ఊరుకున్నాను. ఇంకోసారి చెప్పొచ్చులే అనుకున్నాను. రెండేళ్లు అనుకుంటూనే ఉన్నాను. పోయిన ప్రతిసారీ కొత్త కెమెరాల సంగతి అడిగేవాడు. ఇప్పుడు ఫోన్‌లలోనే చోటు రాసుకునే పెట్టె వస్తోందని చెబితే కళ్లు పెద్దవి చేసుకుని విన్నాడు. నాకు మాత్రం ఆ మాట ఎత్తినప్పుడల్లా కుర్చీలో ముళ్లు ఉన్నట్టుండేది.

అత్త అడిగిన ఫొటో కోసం కంప్యూటర్ అంతా వెతికాను. మామ నవ్వుతున్నది ఒక్కటే దొరికింది. మా షాపు గడప బయట, చేతిలో గొడుగుతో ఉన్నది. అదే పెద్దది చేయించి తీసుకుపోయాను. దినాల నాడు దానికి దండ వేసి, స్టూడియో గదిలో తాజ్‌మహల్ పరదా ముందు పెట్టారు. పరదా రంగు వెలిసిపోయి గుమ్మటం ఒక్కటే కనిపిస్తోంది.

మంజీర ఒడ్డు ఊరి నుంచి పటేలు వచ్చాడు. భోజనాలయ్యాక అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు.

"మంచిగ నవ్వుతుండు. ఎన్నడు తీసినవ్?"

"గా వరదప్పుడు పటేలా. మీ ఊరికి వచ్చేముందు."

ఆయన తలూపాడు. ఇంక ఆపుకోలేకపోయాను. ఏడుపు, మాట కలిసి వచ్చాయి.

"గా దినం మామ మర్చిపోలేదు పటేలా. మీ ఊరి బోర్డు ఫొటో తీసిండు. నేనే తీసేసిన. ఆఫీసుల నోరు మూసుకొని నిలబడ్డ."

పటేలు కండువాతో చేతులు తుడుచుకున్నాడు.

"ఎర్కనే," అన్నాడు.

నేను ఆయన ముఖంలోకి చూశాను.

"బస్సుల మామనే జెప్పిండు. పిల్ల తెలవక తీసేసింది, మల్ల తెచ్చిస్తది, గని ఎవ్వలూ అడుగకుండ్రి, అదే జెప్తది అన్నడు. మేం అడుగలే." కండువా భుజాన వేసుకున్నాడు. "నీ నోట్లకెల్లి ఎన్నడస్తదా అని సూసినం బిడ్డా. రెండేండ్లాయె. మామ గూడ సూసిండు."

చెప్పులు తొడుక్కుని బస్సుకు వెళ్లిపోయాడు. ఈ రెండేళ్లలో వాళ్ల ఊరి పెళ్లి ఆల్బంలన్నీ మా షాపుకే వచ్చాయి. కార్డు ఇచ్చేటప్పుడు నా ముఖంలోకి వాళ్లు ఎందుకు అట్లా ఒక్క క్షణం చూసేవారో అప్పుడు అర్థమైంది.

ఇంటికి వచ్చి ఆ రెండు ఫొటోలు తెరిచాను. తప్పు పడిన చోటును దిద్దే సాఫ్ట్‌వేర్ నా దగ్గర ఉంది. డెబ్బై ఎనిమిది తీసి డెబ్బై ఏడు కొట్టి, నిమిషాలు, సెకన్లు మారిస్తే బోర్డు ఫొటో తన ఊరికి తాను పోతుంది. చేయి పెట్టాను, తీసేశాను. మామవి ఇప్పటికే చాలా చెరిపాను. ఒక ఫొటోలో మామ మా గడప ముందు గొడుగు పట్టుకుని నవ్వుతున్నాడు. ఇంకోదాంట్లో మామ లేడు, మునిగిన బోర్డుకు ఆ గొడుగు ఒక్కటే వేలాడుతోంది, దాని కొసన ఒక నీటిచుక్క రాలకుండా ఆగి ఉంది. రెండింటి లోపలా ఒకటే చోటు రాసి ఉంది. ఆ లెక్కన మామ ఆ రోజు ఎక్కడికీ పోలేదు. వానలో తడుస్తూ, నేను నోరు తెరిచి ఏదైనా చెబుతానేమోనని, మా గడప ముందే నిలబడి ఉన్నాడు.